ఆపిన చోటు: రీడర్, స్క్రేపర్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నాకు కావలసింది ఒక్కటే. చదువుతూ మధ్యలో పుస్తకం మూసేస్తే, మళ్ళీ తెరిచినప్పుడు సరిగ్గా ఆ వాక్యం దగ్గరే తెరుచుకోవాలి. ఫోన్‌లో మూసి ల్యాప్‌టాప్‌లో తెరిచినా, అక్షరాల సైజు పెంచినా, చివరికి ఆ పుస్తకమే కొంత మారిపోయినా సరే.

పుస్తకం ఎందుకు మారుతుంది అనిపించవచ్చు. నేను చదివేవాటిలో సగం వెబ్‌లో సీరియల్‌గా వచ్చే రచనలు. రచయితలు వారానికో భాగం పెడతారు, పాత భాగాల్లో అచ్చుతప్పులు దిద్దుతారు, ఒక్కోసారి మధ్యలో ఒక పేరా చేరుస్తారు. వాటిని ఈపబ్‌గా, అంటే ఈ-పుస్తకం ఫైలుగా, కట్టుకుని నెట్ లేనప్పుడు చదువుకుంటాను. కొత్త భాగం వచ్చినప్పుడల్లా పుస్తకాన్ని మళ్ళీ కట్టాలి. కట్టగానే నేను ఆపిన చోటు పోతుంది. ఎక్కడ ఆపానో వెతుక్కుంటూ, ముందు జరగబోయేది కంటపడి, చదవాలన్న ఉత్సాహమే తగ్గిపోతుంది.

ఈ పనికి మంచి సాధనాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్ కాలిబర్ ఇప్పటికీ నా కంప్యూటర్‌లో ఉంది, ఉంటుంది కూడా. వెబ్‌సైట్ల నుంచి వార్తలు తెచ్చి పుస్తకంగా కట్టే 'రెసిపీ'లు దానిలోనే ఉన్నాయి. దానికి పోటీ పెట్టాలని కాదు. ఈ ఒక్క సమస్యను అడుగు దాకా తవ్వి చూడాలనుంది. అందుకు రెండు చిన్న ప్రోగ్రాములు అనుకున్నాను: బ్రౌజర్‌లో నడిచే రీడర్, దాని పేరు 'ఆనవాలు', పేజీలు తెచ్చి పుస్తకం కట్టే స్క్రేపర్, దాని పేరు 'పోగు'. మొదటిది జావాస్క్రిప్ట్‌లో, రెండోది పైథాన్‌లో. సిద్ధమయ్యాక రెండిటినీ ఓపెన్ సోర్స్‌గా బయట పెట్టాలి.

3వ రోజు

ఈపబ్ ఫైలు అంటే ఒక జిప్ ఫైలే. లోపల వెబ్ పేజీలు, వాటి రూపం చెప్పే స్టైల్ షీట్లు, బొమ్మలు, ఫాంట్లు ఉంటాయి. ఫైలును బైటు బైటుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి రెండు అక్షరాలు 'పీ', 'కే'. జిప్ ఫార్మాట్ సృష్టికర్త ఫిల్ కాట్జ్ పేరు పొడి అక్షరాలు అవి. లోపలి మొదటి ఫైలు పేరు 'మైమ్‌టైప్' అయ్యుండాలి, దాన్ని కుదించకుండా యథాతథంగా పెట్టాలి. ఈ నియమం ఎందుకో అర్థమైనప్పుడు ముచ్చటేసింది. జిప్ హెడర్ 30 బైట్లు, ఫైలు పేరు 8 బైట్లు. అంటే 38వ బైటు నుంచి 'ఇది ఈపబ్' అని చెప్పే 20 అక్షరాలు సూటిగా కనిపిస్తాయి. జిప్ విప్పనవసరం లేకుండానే ఏ ప్రోగ్రామైనా గుర్తుపట్టగలదు.

ఆ తర్వాత దారి ఇలా సాగుతుంది: 'మెటా-ఇన్ఫ్' ఫోల్డర్‌లోని కంటైనర్ ఫైలు ఓపీఎఫ్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. ఓపీఎఫ్‌లో 'మేనిఫెస్ట్' అంటే పుస్తకంలోని ఫైళ్ళన్నిటి పట్టిక, 'స్పైన్' అంటే వాటిలో చదవాల్సినవి ఏ వరుసలో రావాలో. విషయసూచిక వేరే ఫైలు. పాత ఈపబ్ 2లో ఒక రూపం, 2011లో వచ్చిన ఈపబ్ 3లో ఇంకో రూపం. రెండూ చదవగలగాలి, ఎందుకంటే రెండో రకంలోకి మారని పుస్తకాలు ఇంకా బోలెడున్నాయి.

ఇవాళ రెండు గంటలు తినేసిన తప్పు: ఓపీఎఫ్‌లో ఉండే దారులన్నీ ఆ ఓపీఎఫ్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క. నేను జిప్ మొదలు నుంచి లెక్కపెట్టాను. పైగా ఫైలు పేరులో ఖాళీ ఉన్నా, తెలుగు అక్షరాలున్నా అక్కడ శాతం గుర్తులతో మారు రూపంలో ఉంటుంది, జిప్‌లో మాత్రం అసలు పేరే ఉంటుంది. ముందు ఆ గుర్తులు విప్పి, తర్వాత దారి కలిపి, అప్పుడు వెతకాలి.

9వ రోజు

పేజీలుగా విడగొట్టడం ఇంత పని పెడుతుందనుకోలేదు.

అందరూ వాడే పద్ధతే ఎంచుకున్నాను: అధ్యాయం మొత్తాన్ని సీఎస్ఎస్ (స్టైల్ షీట్ల భాష) కాలమ్స్‌లో పెట్టి, ఒక్కో కాలమ్ వెడల్పు తెర వెడల్పంత చేసి, పేజీ తిప్పినప్పుడల్లా ఒక తెరంత పక్కకు జరపడం. మొదటి పది పేజీలు అద్దంలా ఉన్నాయి. 60వ పేజీ దగ్గరకొచ్చేసరికి ఎడమ అంచున ముందు పేజీ అక్షరాల తోకలు కనిపిస్తున్నాయి. బ్రౌజర్‌ను వెడల్పు అడిగితే నాకు పూర్ణాంకం ఇస్తోంది, నిజమైన వెడల్పులో మాత్రం దశాంశాలున్నాయి. పేజీకి 0.4 పిక్సెల్ తేడా అంటే 60 పేజీలకు 24 పిక్సెళ్ళు. పెట్టె వెడల్పునే పూర్ణాంకానికి కుదించి బిగించాక సరిపోయింది.

తర్వాత ఒత్తులు. చాలా పుస్తకాల స్టైల్ షీట్లలో వరుసల ఎత్తు అక్షరం ఎత్తుకు 1.2 రెట్లు అని రాసి ఉంటుంది. రోమన్ లిపికి అది చాలు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి చోట రెండు ఒత్తులు కిందికి దిగుతాయి. వాటి పాదాలు కింది వరుస గుడులకు తగులుతున్నాయి, పేజీలో ఆఖరి వరుసైతే తెగిపోతున్నాయి. పుస్తకం భాష తెలుగైతే వరుస ఎత్తు 1.6కు తగ్గకుండా చూసుకుంటున్నాను. పుస్తకం కట్టినవాళ్ళు వేరేలా చెప్పినా సరే. పుస్తకం రూపం మీద మాట వాళ్ళదే, ఒప్పుకుంటాను. కానీ ఒత్తు కనపడకపోతే అది రూపం సంగతి కాదు, పాఠమే తప్పవుతుంది.

ఇంకొకటి: రెండు వైపులా అంచులు సమంగా సర్దడం. తెలుగు మాటలు పొడుగు, ఫోన్ తెర సన్నం. ఒక వరుసలో రెండే మాటలు పట్టి మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. చిన్న తెర మీద ఎడమ అంచు మాత్రమే సర్ది, కుడివైపు వదిలేశాను. కంటికి హాయిగా ఉంది.

12వ రోజు

ఒక పుస్తకంలో ఫాంట్ ఎక్కడం లేదు. ఫైలు ఉంది, దారి సరిగ్గానే ఉంది, బ్రౌజర్ మాత్రం 'చెల్లని ఫాంట్' అంటోంది. ఎన్‌క్రిప్షన్ ఫైలు ఒకటి పక్కనే కనిపించాక తెలిసింది. పుస్తకంలోంచి ఫాంట్‌ను సులువుగా లాగేసుకోకుండా దాని మొదటి 1040 బైట్లను గజిబిజి చేసే పద్ధతి ఈపబ్ ప్రమాణంలోనే ఉంది. పుస్తకం గుర్తింపు సంఖ్యకు షా-1 హాష్ (పాఠాన్ని బట్టి లెక్కకట్టే ఒక రకం వేలిముద్ర) తీస్తే 20 బైట్లు వస్తాయి. వాటిని 52 సార్లు తిప్పి ఫాంట్ బైట్లతో ఎక్సార్ చేస్తారు, అంటే రెండోసారి చేస్తే మొదటికొచ్చే లెక్కతో కలుపుతారు. తిరిగి అదే చేస్తే ఫాంట్ బయటికొస్తుంది. నాది మాత్రం రాలేదు. హాష్ తీసే ముందు గుర్తింపు సంఖ్యలోని ఖాళీలన్నీ తీసేయాలన్న వాక్యాన్ని మూడోసారి చదివినప్పుడు గానీ గమనించలేదు. తీసేశాను, అక్షరాలు వచ్చాయి.

భద్రత పనులు కూడా ఇవాళే చేశాను. ఈపబ్ లోపల స్క్రిప్టులు ఉండవచ్చు. అందుకే అధ్యాయాన్ని శాండ్‌బాక్స్ పెట్టిన ఐఫ్రేమ్‌లో, అంటే మిగతా పేజీని తాకలేని పెట్టెలో, చూపిస్తున్నాను, స్క్రిప్టులకు అనుమతి ఇవ్వలేదు.

15వ రోజు

'పోగు' మొదలైంది. కోడ్ రాసేముందు నాకు నేను కొన్ని హద్దులు రాసుకున్నాను. అందరికీ తెరిచి ఉన్న పేజీలే తేవాలి. లాగిన్ వెనక, డబ్బు కట్టాల్సిన గోడ వెనక ఉన్నవాటి జోలికి పోకూడదు. కట్టిన పుస్తకం నా చదువుకే. రచయిత లైసెన్సు ఇస్తే తప్ప ఎవరికీ పంచకూడదు. ప్రోగ్రాము తన పేరూ, నన్ను చేరే దారీ యూజర్ ఏజెంట్‌లో (సర్వర్‌కు తనను పరిచయం చేసుకునే వరుసలో) నిజాయితీగా చెప్పాలి, బ్రౌజర్‌నని నటించకూడదు.

ఇక రోబోట్స్ ఫైలు. ఏ పేజీలను ప్రోగ్రాములు తీసుకోవచ్చో, ఏవి వద్దో సైటు చెప్పే చోటు అది. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ ఏర్పాటు ఇరవై ఎనిమిదేళ్ళు మాటమీదే నడిచి, 2022లో ఆర్ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రమైంది. అది చదవడం మంచిదైంది. నేను అనుకున్నదానికి ఒక చోట పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. రోబోట్స్ ఫైలు లేదని 404 వస్తే పేజీలు తీసుకోవచ్చు. సర్వర్ లోపంతో 500 వరస తప్పులు వస్తే మాత్రం మొత్తం నిషేధించినట్టే భావించాలి. 'ఫైలు దొరకలేదు కాబట్టి అడ్డులేదు' అని రెండిటినీ ఒకే గాటన కట్టేసిన నా కోడ్‌ను చెరిపేశాను. ఒకసారి తెచ్చిన ఫైలును 24 గంటలకు మించి వాడకూడదన్న సంగతి కూడా అక్కడే తెలిసింది. పేజీకీ పేజీకీ మధ్య ఎంత ఆగాలో చెప్పే 'క్రాల్ డిలే' ఆ ప్రమాణంలో లేదు. అయినా ఎవరైనా రాసి పెట్టుకుంటే మన్నించాలనే నిర్ణయించాను.

19వ రోజు

ఇవాళ జరిగింది రాయడానికి మనసు రావడం లేదు, కానీ డైరీ అన్నాక రాయాలి.

నేను ఇష్టంగా చదివే ఒక చిన్న సైటు నుంచి పాత భాగాలన్నీ తేవడం మొదలుపెట్టి పక్క పనిలో పడ్డాను. ఒకేసారి నాలుగు పేజీలు అడిగేలా పెట్టాను. ఏ తప్పు వచ్చినా వెంటనే ఐదుసార్లు మళ్ళీ ప్రయత్నించేలా కూడా పెట్టాను. కొద్దిసేపటికి సర్వర్ 429 అనడం మొదలుపెట్టింది, అంటే 'మరీ ఎక్కువగా అడుగుతున్నారు' అని. నా ప్రోగ్రాము దాన్ని మామూలు తప్పుగా తీసుకుని ఐదేసి సార్లు మళ్ళీ అడిగింది. 'ఎంతసేపు ఆగాలి' అని చెప్పే రిట్రై-ఆఫ్టర్ హెడర్ ప్రతి జవాబులోనూ ఉంది. నా కోడ్ అక్కడ సెకన్ల సంఖ్య వస్తుందనుకుంది. సర్వర్ తేదీ, సమయం పంపింది. రెండు రూపాలూ ప్రమాణంలో ఉన్నవే. సంఖ్యగా మారకపోయేసరికి నా కోడ్ దాన్ని సున్నా అనుకుంది.

నేను తిరిగొచ్చి చూసేసరికి అన్నిటికీ 403, అంటే 'అనుమతి లేదు'. నా చిరునామాను ఆపేశారు. సరిగ్గా చేశారు. ఆ సమయంలో అక్కడ చదువుకుంటున్నవాళ్ళకు సైటు ఎంత నెమ్మదించి ఉంటుందో తలుచుకుంటే చాలా బాధేసింది. ఏం జరిగిందో దాచకుండా, క్షమాపణతో సైటు నడిపేవారికి మెయిల్ రాశాను. ఇక మీదట ఒకసారికి ఒక్క పేజీయే. కనీసం 10 సెకన్ల విరామం. 429 వస్తే ఆ సైటుకు ఆ పూట సెలవు. ఈ మూడూ కోడ్‌లో గట్టిగా రాసేశాను, సెట్టింగుల్లో మార్చే వీలు లేకుండా. వాడేవాళ్ళు అడగవచ్చు. అడిగినా ఇవ్వను.

21వ రోజు

జవాబు వచ్చింది. చివాట్లుంటాయనుకుని టెన్షన్‌గా తెరిచాను. "మీ యూజర్ ఏజెంట్‌లో అడ్రస్ చూసి నేనే రాద్దామనుకున్నానండీ, ఈలోపు మీరే రాశారు. అడ్డు తీసేశాను. కానీ అన్ని పేజీలూ ఎందుకు తిరుగుతున్నారు? సైట్‌మ్యాప్‌లో ప్రతి భాగం ఎప్పుడు మారిందో తేదీ ఉంది కదా. మారినవే తీసుకోండి" అని రాశారు.

అడగకుండానే నా సమస్య సగం తీర్చారు. ఇవాళంతా కూర్చుని అదే కట్టాను. మొదట సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా, చూస్తుంది. తేదీ మారిన పేజీలనే అడుగుతుంది. అడిగేటప్పుడు కూడా పోయినసారి సర్వర్ ఇచ్చిన ఈట్యాగ్‌ను (పేజీ ఏ రూపంలో ఉందో చెప్పే గుర్తు) తిరిగి చూపిస్తుంది. మార్పు లేకపోతే సర్వర్ 304 అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, పేజీ మొత్తం పంపదు. నిన్నటి దాకా వందల పేజీలు లాగే పని ఇప్పుడు వారానికి రెండు మూడు పేజీలతో అయిపోతోంది.

ఇంకో మార్పు కూడా చేశాను, దీన్ని మొదటే చేసుండాల్సింది. తెచ్చిన పేజీని ఉన్నదున్నట్టు డిస్క్‌లో దాచుకోవడం ఒక పని, దానిలోంచి పాఠం తీయడం ఇంకో పని. రెండిటినీ విడదీశాను. పాఠం తీసే కోడ్‌లో తప్పు దొరికితే దాచుకున్న పేజీల మీదే మళ్ళీ నడపవచ్చు. నా పొరపాటుకు సర్వర్‌ను ఇబ్బంది పెట్టనవసరం లేదు.

26వ రోజు

పాఠం తీయడం. దాచిన పేజీల్లో ఒక సైటువి తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు. జాగ్రత్తగా చూస్తే అందులో ఒక లయ ఉంది: తల మీద వాలుగీత ఉన్న లాటిన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్ళీ అదే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం మూడు బైట్లు. మొదటి రెండూ ఎప్పుడూ రెండు జతల్లో ఒకటే. వాటిని లాటిన్-1గా (పడమటి ఐరోపా భాషల పాత పద్ధతి) చదివితే సరిగ్గా ఈ గుర్తులే వస్తాయి. ఇలాంటి చెత్త కనిపించినప్పుడు ఆ డిగ్రీ గుర్తులు చూశారంటే వెనక తెలుగు చెక్కుచెదరకుండా ఉందని నమ్మవచ్చు.

కారణం: సర్వర్ ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పకపోతే, నేను వాడుతున్న రిక్వెస్ట్స్ లైబ్రరీ లాటిన్-1 అనుకుంటుంది. పాత హెచ్‌టీటీపీ ప్రమాణం అలా చెప్పింది కాబట్టి దాని తప్పు కాదు. లైబ్రరీ మార్చి ఇచ్చిన పాఠం కాకుండా ముడి బైట్లనే పేజీని విడదీసి చదివే పార్సర్‌కు ఇస్తే, అది పేజీ లోపలున్న ప్రకటన చూసుకుంటుంది.

ఇక పేజీలో అసలు కథ ఏది, పక్క పెట్టెలేవి? మొజిల్లా వాళ్ళ రీడబిలిటీ పద్ధతి అనుసరించాను. ఫైర్‌ఫాక్స్‌లోని రీడర్ వ్యూ వెనక ఉన్నది అదే, 2009లో ఆర్క్90 చేసిన ప్రయోగం నుంచి పెరిగింది. పేరాల నిడివి, వాటిలోని కామాల సంఖ్య చూసి మార్కులు వేస్తుంది. బాగానే పనిచేసింది, ఒక్క రకం భాగాల్లో తప్ప. 25 అక్షరాల కంటే చిన్న పేరాను అది లెక్కలోకి తీసుకోదు. 'ఊఁ.' 'వెళ్దామా?' 'ఇప్పుడే వద్దు.' అని సంభాషణతో సాగే భాగంలో మార్కులు రావు, 'ఇవీ చదవండి' పెట్టెకు వచ్చేస్తాయి. అలా ఒక భాగం మొత్తం మాయమైంది. అది చాలా మంచి భాగం కూడా. ఇప్పుడు నేను చదివే సైట్లకు కథ ఏ పెట్టెలో ఉంటుందో ఒక్కో వరుసలో నేనే రాసి పెట్టాను. రీడబిలిటీ కొత్త సైట్లకు మాత్రమే. మార్కులు వేసే తెలివికంటే, మనిషి ఒకసారి చూసి చెప్పిన మాట నమ్మకమైంది.

31వ రోజు

మొదటి పుస్తకం తయారైంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ తరఫున డైసీ కన్సార్టియం నిర్వహించే, ఈపబ్‌లలో తప్పులు పట్టే ఈపబ్‌చెక్ మీద నడిపితే మూడు తప్పులు చెప్పింది, సరిచేశాను. 'ఆనవాలు'లో తెరిచి రాత్రి రెండు భాగాలు చదివాను. నేను రాసిన స్క్రేపర్ కట్టిన పుస్తకాన్ని నేను రాసిన రీడర్‌లో చదవడం. ఈ ఆనందం గురించి ఎక్కువ రాయను, కానీ నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది.

37వ రోజు

అసలు సమస్య దగ్గరకు ఇప్పుడొచ్చాను.

పేజీ సంఖ్య గుర్తుపెట్టుకుంటే అక్షరాల సైజు మారగానే చెల్లదు. శాతం గుర్తుపెట్టుకుంటే కొత్త భాగం చేరగానే జరిగిపోతుంది. ఈపబ్ వాళ్ళు దీనికి ఒక చిరునామా పద్ధతి పెట్టారు, సీఎఫ్ఐ అంటారు. చూడటానికి భయపెడుతుంది: /6/14!/4/22/1:85. విప్పి చదివితే ఎంతో పొందిక. ఎలిమెంట్లకు, అంటే పేరా, శీర్షిక లాంటి భాగాలకు, సరి సంఖ్యలు, వాటి మధ్య పాఠానికి బేసి సంఖ్యలు. 6 అంటే ఓపీఎఫ్‌లో మూడో పిల్ల, అంటే స్పైన్. 14 అంటే అందులో ఏడో అధ్యాయం. ఆశ్చర్యార్థకం అంటే ఆ ఫైల్లోకి దిగమని. 4 అంటే బాడీ, 22 అంటే పదకొండో పేరా, 1 అంటే దాని మొదటి పాఠం ముక్క, 85 అంటే అందులో అన్ని అక్షరాల తర్వాత. సైజు మారినా, తెర మారినా చెక్కుచెదరదు.

దీన్ని పెట్టాక కొన్ని రోజులు బాగా నడిచింది. నిన్న రచయిత ఏడో భాగంలో పైన ఒక పేరా చేర్చారు. నా 22 అక్కడే ఉంది, నేను చదువుతున్న పేరా 24కు వెళ్ళిపోయింది. ఒక్క పేరానే కదా అనుకోవచ్చు. ఆయన ముందుమాట ఒకటి వేరే అధ్యాయంగా చేరిస్తే 14 కాస్తా 16 అవుతుంది, నేను ఏకంగా ముందు అధ్యాయంలో తేలతాను.

సీఎఫ్ఐ తప్పేం లేదు. అది మారని పుస్తకానికి చిరునామా. ఇంటి నంబరు పట్టుకుని వెతుకుతున్నాను, వీధిలో కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. అప్పుడు నంబరుతో పాటు ఇంట్లో ఉండేవాళ్ళ పేరు కూడా తెలిసుండాలి.

42వ రోజు

రెండు పనులు చేశాను, ఒక్కో ప్రోగ్రాములో ఒకటి.

'పోగు' ఇప్పుడు ప్రతి పేరాకూ ఒక ఐడీ ఇస్తుంది. వరుస సంఖ్య కాదు, ఆ పేరా పాఠానికి హాష్ తీసి అందులో మొదటి 12 అక్షరాలు. పైన ఎన్ని పేరాలు చేరినా ఆ పేరా ఐడీ మారదు. సీఎఫ్ఐలో ఐడీని కూడా రాసే వీలుంది కాబట్టి రీడర్ ముందు దాన్నే వెతుకుతుంది. 'అవును.' అని ఒకే అధ్యాయంలో మూడుచోట్ల పేరా ఉంటే ఒకే ఐడీ మూడుసార్లు వస్తుంది, అది చెల్లదు. వెనక 2, 3 అని తగిలించాను.

కానీ అదే పేరాలో రచయిత ఒక్క అక్షరం దిద్దినా హాష్ మొత్తం మారిపోతుంది. అందుకని 'ఆనవాలు' ఆపిన చోట ఉన్న పాఠాన్ని కూడా కొంత రాసి పెట్టుకుంటుంది: ఆ మాటలు, వాటికి ముందు 32 అక్షరాలు, తర్వాత 32 అక్షరాలు. ఈ ఆలోచన నాది కాదు. 2017లో డబ్ల్యూ3సీ వెలువరించిన వెబ్ యానొటేషన్ (వెబ్ పేజీల మీద గుర్తులు, వ్యాఖ్యలు పెట్టే) ప్రమాణంలో ఉంది. ఐడీ దొరక్కపోతే పాఠాన్ని వెతుకుతుంది. ఒకటికంటే ఎక్కువ చోట్ల దొరికితే ముందూ వెనకా ఉన్న మాటలు తేలుస్తాయి.

ఇక్కడే తెలుగు అడ్డం తిరిగింది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు పొల్లు తర్వాత ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం ఒకటి పెడతాం. రచయిత ఒకసారి పెట్టి, దిద్దేటప్పుడు ఇంకో కీబోర్డుతో పెట్టకపోతే, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వం కూడా రెండు రకాలుగా ఉండవచ్చు: ఒకే యూనికోడ్ గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగా. తెర మీద తేడా తెలియదు. రెండు గంటలు 'ఇదిగో కళ్ళముందే ఉంది, ఎందుకు దొరకదు' అని తల పట్టుకున్నాను.

ఇప్పుడు పోల్చే ముందు రెండువైపులా పాఠాన్ని ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (రెండు గుర్తులను కలిపి ఒకటిగా రాసే యూనికోడ్ పద్ధతి) మార్చి, కనపడని అక్షరాలు తీసేసి, వరస ఖాళీలన్నీ ఒక్కటి చేస్తున్నాను. అలా శుభ్రం చేసిన పాఠంలో 70వ స్థానం అంటే అసలు పాఠంలో ఏ స్థానమో తిరిగి తెలియాలి కాబట్టి పక్కన ఒక పట్టిక ఉంచుకున్నాను. చూపించేది మాత్రం రచయిత రాసింది రాసినట్టే. ఒక్క చుక్క మార్చను.

ఆ 32 అక్షరాలు కోసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. 'స్త్రీ' మనకు ఒక అక్షరం, యూనికోడ్‌లో ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మధ్యలో కోస్తే పొల్లుతో మొదలయ్యే ముక్క మిగులుతుంది. 2023 నాటి యూనికోడ్ 15.1 నుంచి ఇలాంటి సంయుక్తాక్షరాన్ని ఒకటిగానే లెక్కించే నియమం వచ్చింది. కానీ అందరి బ్రౌజర్లూ కొత్తవి కావు. కోత ఎక్కడ పడ్డా, పొల్లు కనిపిస్తే ఇంకొంచెం జరిగి కోసేలా నేనే రాసుకున్నాను.

49వ రోజు

ఈమధ్యే రెండిటినీ జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో బయట పెట్టాను. మర్నాడే ఒక చదువరి రాశారు. చూపు లేనివారు, స్క్రీన్ రీడర్‌తో చదువుతారు. "పుస్తకం తెరిస్తే నా స్క్రీన్ రీడర్ మౌనంగా ఉంటోందండీ. అంకెలు మాత్రం చదువుతోంది."

అంకెలు మాత్రం చదువుతోందంటే ఇంగ్లిష్ గొంతు నడుస్తోందన్నమాట. 'పోగు' కట్టే పుస్తకంలో భాష ఏమిటో రాసే చోట, నేను ఒక నమూనా నుంచి తీసుకున్నప్పుడు ఉన్న 'ఇంగ్లిష్' అలాగే ఉండిపోయింది. కళ్ళతో చదివే నాకు ఆ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు. ఈపబ్‌చెక్ కూడా పట్టుకోలేదు, ఎందుకంటే ఇంగ్లిష్ అనడం చెల్లే విలువే. పాఠంలో తెలుగు అక్షరాలు ఎన్ని ఉన్నాయో చూసి భాష రాసేలా గంటలో మార్చి పంపాను.

ఆయన మళ్ళీ రాశారు: ఇప్పుడు చదువుతోంది, కానీ పేజీ చివర ఆగకుండా తెర అవతలి కాలమ్స్ కూడా చదువుకుంటూ పోతోంది, దాంతో ఆపిన చోటు తప్పుగా గుర్తుంటోంది. పేజీలుగా విడగొట్టడం చూసేవాళ్ళ సౌకర్యానికి. వినేవారికి అది అడ్డమే. ఒకే పొడుగు పేజీగా చూపే పద్ధతి ఒకటి చేర్చాను. ఆపిన చోటును తెర మీద ఏముందో చూసి కాక, స్క్రీన్ రీడర్ ఫోకస్ ఏ పేరాలో ఉందో చూసి రాసుకుంటుంది. ఆయన ఇప్పుడు నాతో పాటు పరీక్షిస్తున్నారు.

60వ రోజు

నిన్న రాత్రి ఆ సీరియల్ రచయిత పెద్ద మార్పులు చేశారు. ముందుమాట చేర్చారు, ఐదో భాగాన్ని రెండుగా విడదీశారు, ఏడో భాగంలో చాలా పేరాలు దిద్దారు. నేను పోయిన ఆదివారం ఏడో భాగం మధ్యలో ఆపాను.

'పోగు' తెల్లవారుజామున సైట్‌మ్యాప్ చూసి, మారిన పేజీలు మాత్రం పదేసి సెకన్ల విరామంతో తెచ్చి, పుస్తకం కట్టి పెట్టింది. ఫోన్‌లో తెరిచాను. లాగ్‌లో ఏం జరిగిందో కనిపిస్తోంది: సీఎఫ్ఐ చెప్పిన చోట వేరే పేరా ఉంది, ఐడీ లేదు, అంటే ఆ పేరాను కూడా దిద్దారు, పాఠం వెతికితే ముందున్న 32 అక్షరాలు దొరకలేదు, తర్వాతివి దొరికాయి.

తెరుచుకుంది. ఆ వాక్యమే, నేను ఆదివారం ఆపిన వాక్యమే. దానికి ముందు వాక్యంలో ఒక దీర్ఘం సరిచేశారు.

మిగిలిన పని ఒకటుంది: ఆపిన వాక్యాన్నే రచయిత తీసేస్తే ఏం చేయాలి? ఇప్పటికైతే దానికి దగ్గరి ముందు పేరాకు తీసుకెళ్ళి, 'మీరు చదివిన చోట పాఠం మారింది' అని పైన ఒక చిన్న గీత చూపిస్తున్నాను. పాత పేజీ డిస్క్‌లో ఎలాగూ ఉంది కాబట్టి, ఆ గీతను తాకితే తీసేసిన వాక్యం కనపడేలా చేయవచ్చు. కానీ రచయిత వద్దనుకుని తీసేసిన మాటను చూపించడం సరైనదేనా అని తేల్చుకోలేకపోతున్నాను. సైటు నడిపేవారికి మెయిల్ రాశాను, రచయితను అడిగి చెప్పమని. జవాబు వచ్చేదాకా ఆ కోడ్ పక్కన ఉంటుంది. ఇవాళ ఎనిమిదో భాగం చదవాలి.